అక్కరకు వచ్చే చదువు



డిగ్రీ అయితే మూడేళ్లు, ఇంజనీరింగ్ అయితే నాలుగేళ్లు. ఒంట్లో ఓపిక, మనసులో ఉత్సాహం, చేతిలో కాస్త సమయం, ఈ మూడూ ఒక్కచోట కలిసివచ్చే కాలం మనిషి జీవితంలో మళ్లీ మళ్లీ రాదు. ఆ కాలాన్ని మనం మార్కులతో, బ్యాక్‌లాగులతో, ప్లేస్‌మెంట్లతో కొలుస్తున్నాం. ఆ లెక్కలు అవసరమే. అయితే వాటి పక్కన మరో రెండు ప్రశ్నలు కూడా ఉండాలి. ఈ విద్యార్థి ఎవరూ చెప్పకుండా తనంతట తాను నేర్చుకున్నదేమిటి? ఆ నేర్చుకున్నది ఎవరికి అక్కరకు వచ్చింది? మొదటిది స్వయంకృషికి, రెండోది సమాజసేవకు సంబంధించిన ప్రశ్న అని మనం విడదీసి చూస్తాం. కళాశాలల్లోనూ అంతే. ఆన్‌లైన్ కోర్సుల వ్యవహారం ఒక అధ్యాపకుడికి, జాతీయ సేవా పథకం మరో అధ్యాపకుడికి అప్పగిస్తారు. ఆ ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకునే సందర్భం అరుదు. నిజానికి ఈ రెండూ ఒకే పనిలోని రెండు సగాలు. విడదీస్తే రెండూ నీరసిస్తాయి, కలిపితే విద్యార్థి ఎదుగుతాడు. ఈ మాటకు ఉన్న ఆధారాలేమిటో, దీనిమీద వచ్చే అభ్యంతరాలకు సమాధానాలేమిటో ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

ముందు స్వయంగా నేర్చుకోవడం సంగతి చూద్దాం. ఇవాళ దానికి సామగ్రి కొరత లేదు. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో చేపట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో ప్రారంభించిన స్వయం వేదిక ఉంది. పాఠాలు వినడానికి రూపాయి కట్టనక్కర్లేదు, ధ్రువపత్రం కావాలనుకున్నవారు పరీక్ష రుసుం కడితే చాలు. సెల్‌ఫోన్, సిగ్నల్ ఉంటే మారుమూల ఊళ్లో కూర్చుని కూడా మేటి ఆచార్యుల పాఠం వినవచ్చు. మరి వింటున్నవాళ్లలో ఎంతమంది కడదాకా నిలబడుతున్నారు? హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఎడెక్స్ వేదిక మీద నడిపిన ఆన్‌లైన్ కోర్సుల వివరాలను విశ్లేషించిన ఒక అధ్యయనం 2019లో సైన్స్ పత్రికలో వెలువడింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవాళ్లు 3.13 శాతం. చాలామంది ఊరికే చూసిపోదామని చేరతారు కదా అనవచ్చు. నిజమే. ధ్రువపత్రం కోసం రుసుం కట్టినవాళ్లను విడిగా లెక్కిస్తే, సగానికి కాస్త తక్కువ మంది పూర్తి చేశారు. వాళ్లు మొదటినుంచీ పట్టుదల ఉన్నవాళ్లే కావచ్చు. అయినా రెండు అంకెల మధ్య ఉన్న అంత దూరం ఒక విషయాన్ని సూచిస్తోంది. పాఠం దొరకడం వేరు, పాఠానికి కట్టుబడడం వేరు. ఏదో ఒక కట్టుబాటు లేకపోతే, మొదటివారం ఉత్సాహం మూడోవారానికి చప్పబడిపోతుంది.

ఆ కట్టుబాటు డబ్బు వల్లే రావాలా? అంతకన్నా బలమైనది మరొకటుంది. నేను నేర్చుకుంటే తప్ప ఫలానా మనిషి పని జరగదు అన్న ఎరుక అది. తెలుగువాళ్లకు దీన్ని ఆచరించి చూపినవాడు గిడుగు రామమూర్తి. ఆయనను మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకుంటాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ ఉద్యమానికి ముందే ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడైనవాడు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల పిల్లలకు చదువు అందడం లేదని గమనించాడు. చెప్పాలంటే వాళ్ల భాష రావాలి. ఆ భాషకు అప్పటికి బడిలో పనికొచ్చే పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషి సాయంతో మాట మాట కూడబెట్టి ఆ భాష నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు పెట్టించాడు. ఆ కృషి దశాబ్దాలు సాగి 1931లో సవర భాషా వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. ఆయన ముందు పండితుడై తర్వాత సేవకు దిగలేదు. పిల్లలకు చదువు చెప్పాలన్న అవసరం ఆయనను విద్యార్థిని చేసింది, ఆ విద్యే ఆయనను భాషా శాస్త్రవేత్తగా నిలబెట్టింది. స్వయం అధ్యయనానికి నిలకడ ఎక్కడినుంచి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

గిడుగువంటివారు నూటికో కోటికో ఒక్కరు, మామూలు విద్యార్థి సంగతేమిటి అని మీరు అడగవచ్చు. మామూలు విద్యార్థులు చేస్తున్న పనినే చూద్దాం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి అసర్ అనే సర్వే జరుగుతోంది. గ్రామీణ భారతంలోని పిల్లలకు చదవడం, లెక్క చేయడం ఏమాత్రం వచ్చో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకునే సర్వే అది. ఆ ఇళ్లకు వెళ్లేవాళ్లలో పెద్ద సంఖ్యలో ఉన్నది ఆయా జిల్లాల కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతీయువకులు. ఊరికి 20 ఇళ్లు ఎంచుకుంటారు. పిల్లను ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు చిన్న వాక్యాలున్న పేరా చూపిస్తారు. గడగడా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు. తడబడితే విడి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. చూడడానికి ఇంతే. కానీ ఈ పని సరిగ్గా చేయాలంటే విద్యార్థికి చాలా రావాలి. బెదిరిన పిల్ల మాట్లాడకపోవడానికీ, రాక మాట్లాడకపోవడానికీ తేడా పసిగట్టాలి. పక్కనుంచి అమ్మ అందిస్తుంటే నొప్పించకుండా ఆపగలగాలి. తనకు నచ్చిన 20 ఇళ్లు కాకుండా పద్ధతి ప్రకారం వచ్చిన 20 ఇళ్లకే ఎందుకు వెళ్లాలో తెలియాలి. గణాంకశాస్త్రంలో నమూనా ఎంపిక అనే పాఠం పరీక్ష కోసం చదివి మరచిపోయినవాడు, ఆ అరుగుమీద దాన్ని రెండోసారి, ఈసారి మరచిపోకుండా నేర్చుకుంటాడు. 2022 సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 20 శాతం పైచిలుకు మాత్రమే అని తేలింది. పత్రికలో చదివితే అది ఒక అంకె. అరుగుమీద కూర్చున్నవాడికి మాత్రం అది ఎదురుగా పదం దగ్గర ఆగిపోయిన వేలు. మరి ఈ పిల్లకు చదవడం ఎలా నేర్పాలి అన్న ప్రశ్న అప్పుడు అతడికి ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

మరో పని చూడండి. చూపులేని విద్యార్థులకు పరీక్షలో జవాబులు రాసిపెట్టే సహాయకులు కావాలి. వాళ్లను స్క్రైబులంటాం. పరీక్షల కాలం వస్తే వాళ్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు కూర్చోవాలి. చెప్పింది చెప్పినట్టే రాయాలి. తనకు సరైన జవాబు తెలిసినా పెన్ను అటు కదలకూడదు. ఇతరుల పక్షాన పనిచేసేటప్పుడు మన తెలివిని ఎక్కడ ఆపాలో నేర్పే శిక్షణ అది. ఇక ఆ విద్యార్థికి పరీక్షకు ముందు పాఠం చదివి వినిపించే పని ఉంది. అర్థశాస్త్రం పుస్తకంలో డిమాండ్ రేఖ వస్తుంది. చూపున్నవాళ్లం ఆ బొమ్మమీద కన్ను వేసి పేజీ తిప్పేస్తాం. వినేవాడికి మాత్రం అడ్డగీత మీద ఉన్నదేమిటి, నిలువుగీత మీద ఉన్నదేమిటి, రేఖ ఎక్కడ మొదలై ఎటు వాలుతోంది, ధర పెరిగితే మనం ఆ రేఖ మీద ఏ దిశగా జరుగుతాం అన్నది మాటల్లో చెప్పాలి. అలా చెప్పగలిగిన రోజున ఆ పాఠం చదివి వినిపించేవాడికి కూడా మొదటిసారి అర్థమవుతుంది. దీనికి ప్రయోగపూర్వకమైన ఆధారం కూడా ఉంది. అమెరికాలో కొందరు పరిశోధకులు 2014లో వెలువరించిన ఒక అధ్యయనంలో, చదివింది తర్వాత ఇంకొకరికి బోధించాలని కొందరు విద్యార్థులకు చెప్పారు, పరీక్ష ఉంటుందని మరికొందరికి చెప్పారు. చివరికి ఎవరిచేతా బోధింపజేయలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. బోధించాలనుకుంటూ చదివినవాళ్లు ఎక్కువ విషయాలు, మరింత క్రమంగా గుర్తుచేసుకోగలిగారు. ఇంకొకరికి చెప్పాలన్న బాధ్యత తలకెత్తుకుంటేనే చదివే తీరు మారిపోతోందన్నమాట.

సేవవల్ల చదువు దెబ్బతింటుందని భయపడే తల్లిదండ్రులకు మరొక అధ్యయనం గురించి చెప్పాలి. లాస్‌ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 వేల మందికి పైగా కళాశాల విద్యార్థుల వివరాలు సేకరించి 2000లో నివేదిక ఇచ్చారు. కళాశాలలో చేరిననాటికి వాళ్లలో ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, సేవలో పాల్గొన్నవారి మార్కులు, రచనా నైపుణ్యం, విమర్శనాత్మక ఆలోచన, నాయకత్వ సామర్థ్యం మెరుగ్గా ఉన్నాయని వాళ్లు తేల్చారు. ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అంశం మరొకటుంది. ఊరికే సేవ చేసినవారికన్నా, చదివే పాఠంతో ముడిపడిన సేవ చేసి, ఆ అనుభవాన్ని తోటివారితో, అధ్యాపకులతో చర్చించినవారు చదువులో ఎక్కువ లాభపడ్డారు. అంటే చేతులు పనిచేస్తే సరిపోదు, ఆ పని గురించి ఆలోచన కూడా సాగాలి.

మన దగ్గర లోపం సరిగ్గా అక్కడే ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. విద్య ద్వారా సమాజసేవ, ఆ సేవ ద్వారా విద్యార్థి వ్యక్తిత్వ వికాసం అన్నది దాని ఆశయం. వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఒక వారంపాటు ప్రత్యేక శిబిరంలో ఉండాలి. ఈ పథకం ద్వారా మొక్కలు నాటారు, రక్తదానాలు చేశారు, తుపానులొచ్చినప్పుడు ఊళ్లకు వెళ్లి నిలబడ్డారు. ఆ సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ చాలాచోట్ల శిబిరం అంటే ప్రారంభోపన్యాసం, ర్యాలీ, బ్యానరు ముందు ఫొటో, ముగింపు సభ, సర్టిఫికెట్ అయిపోయింది. మొక్క నాటేముందు ఆ నేలకు ఏ మొక్క సరిపోతుందో చదవడం లేదు. ఏడాది తర్వాత అది బతికిందో లేదో చూడడం లేదు, చచ్చిపోతే ఎందుకు చచ్చిపోయిందని చర్చించడం లేదు. ముందు అధ్యయనం, తర్వాత సమీక్ష లేని సేవ శ్రమదానంగా మిగులుతుంది తప్ప విద్యగా మారదు. ఈమధ్య ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేశారు. సర్వే చేయాలి, సమస్య గుర్తించాలి, నివేదిక ఇవ్వాలి అన్న ఆలోచన మంచిదే. పక్కవాడి నివేదిక ఎత్తిరాస్తే మాత్రం ఆ గంటలన్నీ వృథా.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. సేవను నిర్బంధం చేస్తే అది సేవ ఎలా అవుతుందని. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. నిర్బంధ సేవమీద అమెరికాలో జరిగి 1999లో వెలువడిన ఒక అధ్యయనం, ఎవరో బలవంతపెడుతున్నారని భావించిన విద్యార్థుల్లో ఇకముందు స్వచ్ఛందంగా సేవ చేయాలన్న కోరిక తగ్గవచ్చని చూపింది. కాబట్టి గంటలు తప్పనిసరి చేసినా, ఏ పని, ఎక్కడ, ఎవరితో అన్నది విద్యార్థి చేతిలో ఉండాలి. వాణిజ్యశాస్త్రం చదివే అమ్మాయి పొదుపు సంఘం లెక్కల పుస్తకం చూడవచ్చు. రసాయనశాస్త్రం చదివే అబ్బాయి ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్షించవచ్చు. నల్గొండ, ప్రకాశం జిల్లాల వారికి ఆ పరీక్ష విలువ చెప్పనక్కర్లేదు. ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట నిర్బంధం నొప్పి తగ్గుతుంది, సబ్జెక్టు మీద ఇష్టం సేవలోకి ప్రవహిస్తుంది.

రెండో అభ్యంతరం సమయం గురించి. పొద్దున కళాశాల, సాయంత్రం పార్ట్‌టైమ్ పని చేసుకుని ఇంటికి నాలుగు రూపాయలు ఇచ్చే విద్యార్థికి సేవ అనేది కలిగినవాళ్ల వేడుకగా కనిపిస్తుంది. అతడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఏడాదికి 120 గంటలంటే వారానికి రెండు గంటల చిల్లర. అది కూడా వీలుపడనివాళ్లు ఉంటారు, వాళ్లమీద ఆ బరువు వేయకూడదు. చాలామందికి అడ్డు పడుతున్నది మాత్రం సమయం కన్నా దూరం, చీకటి పడితే ఇల్లు చేరాలన్న ఆంక్ష. ముఖ్యంగా ఆడపిల్లలకు. వాళ్లకు ఇంటినుంచే చేయదగ్గ పనులున్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై ఇన్నేళ్లుగా స్వచ్ఛంద రచయితల చేతుల మీదుగానే పెరిగింది. అందులో తన ఊరి గురించి వ్యాసం రాయబోయిన విద్యార్థినిని ఆధారం చూపమంటారు. అప్పుడు జనగణన పట్టిక వెతకాలి, శాసనాల సంపుటం చూడాలి, విన్నదానికీ రుజువున్నదానికీ తేడా తెలుసుకోవాలి. వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్ పుటలు చూస్తూ అచ్చుతప్పులు దిద్దే పని రోజుకు పావుగంటైనా చేయవచ్చు. ఇంట్లో కూర్చునే భాష నేర్చుకుంటారు, భాషకు సాయపడతారు.

మూడోది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. పిల్లలకు చదువు చెప్పడం, నీళ్లు పరీక్షించడం ప్రభుత్వం చేయాల్సిన పనులు. విద్యార్థులు ఉచితంగా చేసిపెడితే ప్రభుత్వం తన బాధ్యతనుంచి తప్పుకోదా? తప్పుకునే ప్రమాదం ఉంది. అందుకే వాలంటీరు ఉపాధ్యాయుడికి తోడుగా ఉండాలి తప్ప ఖాళీ పోస్టుకు బదులుగా కాదు. సేవలోకి దిగినవాడికి మాత్రం ఆ బాధ్యత ఎవరిదో మిగతావాళ్లకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. దరఖాస్తు చేస్తే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుం కట్టనక్కర్లేదు. పింఛను ఎందుకు ఆగిందో తెలియని ముసలామెకు ఆ దరఖాస్తు రాసిపెట్టే విద్యార్థి, ప్రభుత్వానికి దాని బాధ్యతను గుర్తుచేస్తున్నాడు. నెల్లూరు జిల్లా చరిత్ర ఇంకా పెద్ద సాక్ష్యం. 1990 ప్రాంతంలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు చదువు చెప్పారు. వాచకంలోని సీతమ్మ కథ చదివి స్ఫూర్తి పొందిన దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ నిప్పు జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. అక్షరాలు నేర్పడం ప్రభుత్వాన్ని నిద్రపుచ్చలేదు, కదిలించింది.

చివరిది, అరకొర జ్ఞానంతో సేవకు దిగితే మేలుకన్నా కీడు జరగదా అన్న ప్రశ్న. జరుగుతుంది. వైద్యసలహా ఇవ్వబోయే మొదటి సంవత్సరం విద్యార్థి ప్రమాదకారి. నాలుగు వారాలు ట్యూషన్ చెప్పి పరీక్షలొచ్చాయని మాయమయ్యే వాలంటీరు, ఆ పిల్లలకు పెద్దవాళ్ల మాట నమ్మకూడదని నేర్పి వెళతాడు. అందుకే రెండు నియమాలు పెట్టుకోవాలి. తనకు తెలిసినంతవరకే పని ఒప్పుకోవాలి, ఆ పై అవసరాన్ని తెలిసినవారికి అప్పగించాలి. ఒప్పుకున్న గడువు పూర్తయ్యేదాకా మానకూడదు. తనకు ఏం తెలుసో, ఏం తెలియదో గీత గీసి చెప్పగలగడం, ఇచ్చిన మాట మీద నిలబడడం అన్నవి ఏ పాఠ్యప్రణాళికలోనూ యూనిట్లుగా ఉండవు. వ్యక్తిత్వ వికాసం అని మనం పెద్ద పెద్ద మాటల్లో చెప్పుకునేది చాలావరకు ఈ రెండే. రేపు ఉద్యోగమిచ్చేవారు వెతికేదీ, ఇరుగుపొరుగు కోరేదీ వీటినే, ఇల్లు ఆధారపడేదీ వీటిమీదే.

కాబట్టి విద్యార్థులకు నా విన్నపం ఇది. ఈ సెమిస్టరులో మీకు ఇష్టమైన ఒక్క విషయాన్ని ఎంచుకోండి. అది ఎవరికి పనికొస్తుందో మీ వీధిలో, మీ ఊళ్లో, మీ కళాశాలలోనే వెతకండి. ఆ ఒక్కరికి మాటివ్వండి. వాళ్ల పని కోసం చదవండి, చేసింది నోటుబుక్కులో రాసుకోండి, నెలకొకసారి నలుగురు స్నేహితులతో కూర్చుని మాట్లాడుకోండి. అధ్యాపకులారా, శిబిరం ఫొటోతో పాటు శిబిరానికి ముందు చదివిన పుస్తకమేమిటో, తర్వాత తేలిన ప్రశ్నలేమిటో కూడా నివేదికలో అడగండి. తల్లిదండ్రులారా, ఎన్ని మార్కులొచ్చాయని అడిగే నోటితోనే, ఈ నెల నీ చదువు ఎవరికి అక్కరకు వచ్చిందని కూడా అడగండి. ఆ ప్రశ్న ఇంట్లో వినిపిస్తే, పిల్లలు జవాబు వెతుక్కుంటారు.